గట్టు మీది ఒంటి తీగ

పెర్సిస్ టీచరుకి గొంతు పెంచడం రాదని ఊళ్లో అనుకునేవారు. ఏలూరులో పాస్టరు గారి రెండో అమ్మాయి. కొల్లేటి లంకలో ఉన్న ఆ ఎలిమెంటరీ స్కూలుకి రోజూ బస్సులో వచ్చేది. వానాకాలం రోడ్డు మునిగితే పడవెక్కి వచ్చేది. పిల్లల మీద ఒక్కనాడూ చెయ్యెత్తలేదు.

ఆ సోమవారం అయిదో తరగతికి విద్యుదయస్కాంతం చేసి చూపించింది. కాలిపోయిన మోటారులోంచి పిల్లలే రాగి తీగ లాక్కొచ్చారు. మేకుకి తీగ చుట్టి, కొసలు గీకి బ్యాటరీకి తగిలిస్తే గుండుసూదులు గుత్తిగా వచ్చి పట్టుకున్నాయి. ఒక కొస తీయగానే జలజలా రాలిపోయాయి.

“చూశారా, కరెంటు బయల్దేరిన చోటికే తిరిగి రావాలి. దారి తెగితే ఇక నడవదు. అందుకే రెండు కొసలూ తగిలించాలి.”

వెనక వరసలో ఏంజెల్ లేచింది. వాళ్ల నాన్న నెల్సన్, బంగార్రాజు అనే ఆసామి చేపల చెరువులో మేత వేసేవాడు. పోయిన నెల గట్టు మీద చనిపోయాడు. పాము కరిచిందన్నారు. ఆ సాయంత్రమే సమాధి చేయించారు.

“అయితే టీచర్, గట్టు మీద తీగ ఒక్కటేనండీ. మరి దాన్ని పట్టుకుంటే మా నాన్న ఎలా చచ్చిపోయారండీ?”

పెర్సిస్ ముందు అడిగినదానికి జవాబు చెప్పింది. “తడి నేలే రెండో తీగమ్మా. మనిషి ఒంట్లోంచి దిగి, నేలలోంచి తిరిగి వెళ్లిపోతుంది.” తర్వాత ఆ పిల్ల పక్కన కూర్చుంది. “నువ్వు చూశావా?”

“చద్దన్నం పట్టుకెళ్లానండీ. చెయ్యి తీగకి అతుక్కుపోయి ఉంది. బంగార్రాజు గారు ఎండు కర్రతో కొట్టి ఊడదీశారండీ. పాము కరిచిందని చెప్పకపోతే నన్నూ అమ్మనీ బురదలో తొక్కేస్తానన్నారు.”

దొంగలూ చేపలు తినే నీటికుక్కలూ రాకుండా బంగార్రాజు రాత్రిళ్లు చెరువు చుట్టూ తీగకి కరెంటు పెట్టేవాడు. ఆ పొద్దున ఆపడం మరిచిపోయాడు.

పెర్సిస్ ఏంజెల్ తల్లి విజయకుమారికి కబురు పంపింది. ఆవిడ రాకముందే మాట చెరువు దాకా వెళ్లింది. బంగార్రాజు ఇనప గొట్టంతో తరగతిలోకి వచ్చాడు.

“టీచరు గారూ, పిల్లలకి అ ఆలు చెప్పుకోండి. కరెంటు సంగతులు మీకెందుకండీ?”

“మీరు బయటికి నడవండి. పిల్లలు భయపడుతున్నారు.”

అతను బ్యాటరీ ఉన్న బల్లని ఒక్క దెబ్బతో విరగ్గొట్టాడు. ఏంజెల్‌ని జుట్టు పట్టుకుని గుమ్మం దాకా ఈడ్చాడు. పెర్సిస్ అడ్డం పడితే గొట్టం ఆమె ఎడమ మణికట్టు మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు పిల్లలందరికీ వినిపించింది. ఆమె కింద పడింది. పడ్డచోటి నుంచే అతని చేతిని రక్తం వచ్చేలా కొరికింది. గొట్టం జారింది. కుడిచేత్తో దాన్ని అందుకుని అతని మోకాలి మీద కొట్టింది. అతను కూలబడ్డాడు. ఆమె గొట్టం మళ్లీ ఎత్తింది, ఈసారి అతని తల మీదికి.

అప్పుడే పరుగున వచ్చిన విజయకుమారి వెనక నుంచి ఆమెని వాటేసుకుంది. “వద్దు టీచర్ గారూ. మా ఆయన్ని చంపినోడు బతికే జవాబు చెప్పాలండీ.”

తహసీల్దారు సమక్షంలో నెల్సన్ సమాధి తవ్వారు. అరచేతిలో కాలిన గుర్తు ఇంకా ఉందని డాక్టరు రాశారు. చెరువుల చుట్టూ తీగలు పీకేయించారు. బంగార్రాజు కుంటుకుంటూ జైలుకి వెళ్లాడు.

పెర్సిస్ మీద కూడా విచారణ పెట్టారు. ఆత్మరక్షణ కోసం కొట్టానని రాసివ్వమని తండ్రి చెప్పి పెట్టాడు. పైనుంచి వచ్చిన ఆఫీసరు కూడా అదే దారి చూపించాడు.

“ప్రాణం మీదికొచ్చి కొట్టారు, అంతే కదమ్మా?”

“మొదటి దెబ్బ అంతేనండీ,” అంది పెర్సిస్, ఎప్పటి మెల్లని గొంతుతోనే. “రెండోది చంపుదామనే ఎత్తాను. విజయకుమారి గారు పట్టుకోకపోతే కొట్టేదాన్ని.”

ఆఫీసరు ఆ రెండో మాట రాసుకోలేదు.