పాత ఫ్లాపీలు, చెంబుడు నీళ్ళు

మొన్న పొద్దున్న లేచేసరికి నా ఫోను నాకే కొత్తగా ఉంది. రాత్రికి రాత్రి తనంతట తానే కొత్త వెర్షన్‌కి మారిపోయిందట. అక్షరాలు చిక్కిపోయాయి, డాక్టరుగారి నంబరు ఏ మూల దాక్కుందో తెలియదు. పాతదానికి మార్చి పెట్టమని మనవరాలిని అడిగితే, "ఇంక వెనక్కి వెళ్ళదు అమ్మమ్మా, అలవాటు చేసేసుకో" అని కాలేజీకి వెళ్ళిపోయింది. ఆ మాట వినగానే నర్సీపట్నంలో మా బావగారి కంప్యూటరు గది గుర్తొచ్చింది. 

ఎనభైల చివర్లో మాట. మా అక్క భర్త, అంటే బావగారు, మెయిన్ రోడ్డు మీద టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. మిషన్ల టకటకల పక్కనే ఒక గదికి తెరలు కట్టి, ఏసీ పెట్టి, కంప్యూటరు తెచ్చారు. ఆ గదిలోకి చెప్పులతో వెళ్ళకూడదు, గట్టిగా తుమ్మకూడదు. అక్క దానికి పువ్వులు కుట్టిన ముసుగు వేసింది. పెళ్ళిలో అక్కకైనా అంత మర్యాద జరగలేదని నేను ఏడిపించేదాన్ని. మాకవరపాలెం నుంచి, రోలుగుంట నుంచి బస్సుల్లో వచ్చే ఆడపిల్లలతో పాటు నేనూ మొదటి బ్యాచిలో చేరాను. ఒక సోమవారం విశాఖపట్నం నుంచి ఎగ్జామినరుగారు వచ్చి మా ప్రాక్టికల్స్ చూడాలి. అది సజావుగా జరిగితేనే ఇన్‌స్టిట్యూట్‌కి గుర్తింపు, మాకు సర్టిఫికెట్లు.

సరిగ్గా ఆ వారమే బావగారికి ఉబలాటం పుట్టింది. విశాఖ వెళ్ళి, కంప్యూటరుని నడిపే డాస్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఉన్న ఫ్లాపీ డిస్కులు తెచ్చి కంప్యూటర్లోకి ఎక్కించారు. పెయింటర్ని పిలిచి బోర్డు మీద 'సరికొత్త వెర్షన్' అని ఎర్రరంగుతో రాయించారు కూడా. శనివారం మేం ప్రాక్టీసుకి కూర్చుంటే, పరీక్షలో చెయ్యాల్సిన ప్రోగ్రామ్ తెరుచుకోనే లేదు. మెమరీ చాలదంది. కొత్త అల్లుడొచ్చి మంచమంతా తానే పరుచుకుని పడుకున్నట్టు, కొత్త డాసే ఉన్న చోటంతా ఆక్రమించేసింది. మళ్ళీ పాతది ఎక్కించాలంటే ముందు లోపల ఉన్నదంతా తుడిచెయ్యాలి. తుడిచేశాక, వానాకాలమంతా బీరువాలో చెమ్మపట్టిన పాత ఫ్లాపీలు పనిచెయ్యకపోతే? మధ్యలో కరెంటు పోతే? సోమవారం ఎగ్జామినరుగారి ముందు పెట్టడానికి ఖాళీ డబ్బా మిగులుతుంది. 

ఆదివారం పొద్దున్న బావగారు ససేమిరా అన్నారు. "ఊరంతా సెప్పుకున్నాను. ఇప్పుడు ఎనక్కెల్తే నలుగురూ ఏటనుకుంటారు?"

"రేపు పరీక్ష జరక్కపోతే ఏటనుకుంటారో అదీ సూసుకోండి" అంది అక్క.

గుమ్మం అవతల చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న బావగారి అమ్మ, మా అత్తయ్యగారు, చేట పక్కన పెట్టారు. ఆవిడది నాతవరం వైపు. డాస్ అంటే ఏమిటో తెలియదు గాని కొడుకంటే ఏమిటో బాగా తెలుసు.

"ఏట్రా, గుమ్మం దాటినాక ఎదురు బాగోపోతే ఏటి సేస్తాం? ఎనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసిన్ని మంచినీళ్ళు తాగి, కూకుని మళ్ళీ ఎల్తాం. ఎవుడైనా నవ్వుతాడేటి? నువ్వూ అదే సెయ్యి, బేగి!"

బావగారు పెరట్లోకి వెళ్ళి నిజంగానే కాళ్ళు కడుక్కొచ్చారు. అత్తయ్యగారు చెంబుతో నీళ్ళిచ్చారు. తాగి, కంప్యూటరు ముందు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. బావగారిని ఏడిపించనిదే పొద్దుపోని నేను కూడా ఆ పూట నవ్వలేదు.

ఉన్నదంతా పోతుంది, సరేనా అని కంప్యూటరు అడిగింది. బావగారు సరే అని నొక్కారు. మేమెవరమూ తెర వైపు చూడలేదు, పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాం. అది మందగించిందంటే కరెంటు పోయినట్టే. మొదటి ఫ్లాపీ కర్రుకర్రుమంటూ లోపలికి ఎక్కింది. రెండోది చదవలేనంది. బావగారు దాన్ని తీసి మళ్ళీ పెట్టారు. అదే మాట. 

"దాన్నీ కాసేపు కూకోనియ్‌రా!" అన్నారు గుమ్మంలోంచి అత్తయ్యగారు.

ఫ్లాపీని ఏసీ గాలికి పెట్టి, అందరం నేల మీద కూర్చున్నాం. చెమ్మ ఆరిందో, ఆవిడ మాట విన్నదో గాని, ఈసారి పెడితే చదివింది.

సోమవారం ఎగ్జామినరుగారు వస్తూనే బోర్డు చూసి, "కొత్త వెర్షనాండీ?" అని అడిగారు. బావగారు ఏం చెబుతారోనని అందరం ఆయన వైపే చూశాం.

"కాదండీ. బయల్దేరాం గానీ, ఎదురు బాగోలేక ఎనక్కొచ్చేశాం" అన్నారు బావగారు.

ఎగ్జామినరుగారు పకపకా నవ్వి, మా ప్రోగ్రాములు చూడ్డానికి కూర్చున్నారు. అన్నీ తెరుచుకున్నాయి. గుర్తింపు వచ్చింది, సర్టిఫికెట్లు వచ్చాయి. బోర్డు మీది ఎర్ర అక్షరాలని మాత్రం ఎవరూ చెరపలేదు. ఆ పని నెమ్మదిగా వానలు చేసుకున్నాయి.

మొన్న ఫోను బల్ల మీద పెట్టి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి కాసేపు కూర్చున్నాను. అత్తయ్యగారు లేరు, బావగారూ లేరు, ఆ గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. కాలం గుమ్మం దాటి వెళ్ళిపోయింది. దాన్ని వెనక్కి పిలిచి, చేతికి చెంబు అందించే మనిషే లేదు.