పెంకుల బట్టీలో కాఫీ

రాజమండ్రిలో మా అమ్మలు పనిచేసిన పాత పెంకుల ఫ్యాక్టరీ స్థలంలో ఇప్పుడు ఫ్లాట్లు, షాపులు, సోలార్ దీపాలు, సైకిల్ దారి వచ్చాయి. మొన్న చిన్ననాటి స్నేహితురాలు రూతుతో కలిసి చూడ్డానికి వెళ్లాను. ఎవరో మొక్కలకు నీళ్లు పెడుతుంటే తడిమట్టి వాసన వచ్చింది. ఇద్దరం ఆగిపోయాం.

"గుర్తుందా, ఆరబెట్టిన పెంకుల వరసల వెనక మనం దాక్కునేవాళ్లం?" అన్నాను రూతుతో. పనిలో ఉన్న మా అమ్మల చీర కుచ్చిళ్లకు ఎప్పుడూ ఎండిన మట్టి ఉండేది. ఒక మధ్యాహ్నం బట్టీ గోడ కూలి రూతు వాళ్లమ్మ మేరమ్మ అత్త చనిపోయింది. వారం తిరగకుండానే గోడ కట్టి మళ్లీ బట్టీ వెలిగించారు. మా అమ్మ కూడా పనికెళ్లింది.

"ఎందుకెళ్లావమ్మా?" అని నేను ఏడిస్తే, "మానేస్తే ఏం తింటామే?" అంది.

ఇప్పుడు ఆ బట్టీని పడగొట్టకుండా కాఫీ షాపు చేశారు. లోపల ఏసీ. కాఫీ తెచ్చిన అమ్మాయి నవ్వుతూ, "పాతకాలం గోడలండి. ఫొటో తీయమంటారా?" అంది.

"మా అమ్మ ఇక్కడే పోయిందమ్మా," అంది రూతు.

రూతు గోడకు అరచెయ్యి ఆనించింది.

"ఎంత చల్లగా ఉందే," అంది నాతో. "అమ్మ చేతులకెప్పుడూ బొబ్బలే కదా."