పెద్దమ్మ డాక్టరుకు చూపించని చేతులు

గురువారం పొద్దున ల్యాబులో పనిలో ఉండగా మలాయ్ గడ్డ మీది మా ఊరు బంటింగ్ నుంచి అక్క ఫోన్ చేసింది. "అమ్మ పోయినాది రా" అంది. అక్కకి కన్నతల్లి, నాకు పెద్దమ్మ. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వచ్చి, ఆస్పత్రిలో చేర్చిన నాలుగో రోజున పోయింది. అప్పుడు ఏడ్చాను. ఇప్పుడు కోపంగా ఉంది, అందుకే రాస్తున్నాను.

నా చదువంతా ఆవిడ ఇంట్లోనే. అప్పటికే ఆవిడకి రుమటాయిడ్ కీళ్ళవాతం. వాచిన వేళ్ళతోనే మిరపకాయలు నూరి నాకోసం సంబల్ పచ్చడి చేసేది. వద్దంటే, "నీ సదువు నువ్వు సూస్కో, నా సేతులు నాను సూస్కుంటాను" అనేది. చివరికి జాకెట్టు హుక్కులు పెట్టుకోలేక చీర మానేసి, మలాయ్ ఆడవాళ్ళు వేసుకునే వదులు చొక్కా, బాజూ కురుంగ్ తొడుక్కుంది. అదీ ఫ్యాషనేనని దబాయించింది.

నా ఉద్యోగమూ ఆ జబ్బు మీదే. వాచిన కీలు దగ్గర రక్తనాళం గోడ జిగురెక్కుతుంది. రక్తంలో పారే తెల్లకణం అక్కడ దొర్లి, నెమ్మదించి, అతుక్కుని, గోడ సందులోంచి ఒళ్ళు సన్నం చేసుకుని లోపలికి జారుతుంది. వెళ్ళింది ఊరుకోదు, ఇంకొన్నిటిని పిలుస్తుంది. ఒకసారి ల్యాబులో తీసిన ఆ వీడియో పెద్దమ్మకి చూపించాను.

"ఆటినెవులు పిలిసినారు?" అంది.

"నీ కీలే పిలిచినాది పెద్దమ్మా."

"పిలిస్తే వచ్చినాయి. మరి ఆటిని తిట్టడం ఏటి లా?" అంది, మలాయ్ వాళ్ళలాగే మాట చివర 'లా' తగిలించి.

ఎవర్నీ నొప్పించదు. అదే ఆవిడతో చిక్కు.

మూడు నెలలకోసారి క్లినిక్కి నేనే కారులో తీసుకెళ్ళేవాణ్ణి. మలాయ్ డాక్టరమ్మ వేళ్ళు నొక్కి చూసి ఎలా ఉందని అడిగితే, "బాయిక్, బాయిక్" అని, బాగుందని మలాయ్‌లో చెప్పి నవ్వేది. వాపు నిజంగానే తక్కువగా కనిపించేది. మందు పనిచేస్తోందని మోతాదు పెంచలేదు. నేనూ సంబరపడ్డాను, బుద్ధి లేక!

భూస్థాపన అయిన మర్నాడు అక్క బీరువా సర్దుతుంటే పాలడబ్బాలో పొడి పొట్లాలు బయటపడ్డాయి.

"ఇవేటక్కా?"

"జాము లా, నాటుమందు. డాక్టరు కాడికి ఎల్లే ముందు మూడ్రోజులు తాగేది. వాపు దిగిపోద్ది."

"వాపు సూపించడానికే గదే ఎల్లేది!" అని అరిచాను.

"ఇన్ని మందులిచ్చినాది పాపం, ఇంకా వాచిన సేతులే సూపిస్తే ఆ డాక్టరు పిల్ల మనసు కష్టపడతాదనేది."

"నాకెందుకు సెప్పలేదు?"

"నువ్వు అడగలేదు."

అలాంటి పొడుల్లో కొందరు స్టెరాయిడ్ కలుపుతారని నాకు తెలుసు. అది కణాల దారిని కొన్నాళ్ళు మూస్తుంది, మానగానే దారి మళ్ళీ తెరుచుకుంటుంది. రోగాలను ఎదిరించే శక్తినీ తగ్గిస్తుంది. ఆవిణ్ణి తీసుకుపోయింది అదేనని ఎవరూ తేల్చలేదు. కణం గోడ దాటే క్షణాన్ని పట్టుకోవడానికి గంటలు కూర్చునేవాణ్ణి, "నిన్నేం తాగినావు పెద్దమ్మా" అని ఒక్కసారి అడగలేకపోయాను. ఛీ!

నిన్న పెద్దమ్మ క్లినిక్ తేదీ. పొట్లాల సంగతి డాక్టరమ్మకి చెబుదామని వెళ్ళి కూర్చున్నాను. పక్క కుర్చీలో ఒక చైనీస్ ముసలావిడ మణికట్లు రుద్దుకుంటూ మూలుగుతోంది. ఆ ముసలావిడ నంబరు పిలిచారు. మూలుగు ఆగిపోయింది. జుట్టు సర్దుకుని, గోడ పట్టుకుని లేచి, మెల్లగా తలుపు దాకా నడిచింది. అక్కడ గోడ మీంచి చెయ్యి తీసేసింది. నేను నోరు తెరిచేలోపే, నవ్వుతూ, నిటారుగా, లోపలికి వెళ్ళిపోయింది.