ఆనందబాబుగారి అతికిన కాలు

ఆనందబాబుగారు బడిలో ఒక్కసారి కూడా గుంజీళ్ళు తీయలేదు. ఈ సంగతి ఢిల్లీ మునిర్కా తెలుగు క్రైస్తవ సంఘంలో చంటిపిల్లలకు కూడా తెలుసు, ఎందుకంటే ఆయనే చెప్పేవారు. రేపల్లె పక్కన పల్లెటూరి మిషన్ బడిలో, తాటాకు పాకలో, ఐదు తరగతులూ చెవి మీద చెయ్యి పడకుండా చదివి బయటికొచ్చినవాడు ఆయనొక్కడే. యాభై ఏడులో జిల్లా వాలీబాల్ జట్టు ఆటగాడు. సర్టిఫికెట్టు ఉంది, అడిగితే చూపిస్తారు, అడక్కపోయినా చూపిస్తారు. అరవై రెండులో ఢిల్లీ వచ్చి పెద్దాసుపత్రి ఎక్స్‌రే విభాగంలో చేరి, ముప్పై మూడేళ్ళలో ఒక్క ఫిల్ము కూడా తారుమారు కానివ్వలేదు. కొత్త డాక్టర్లు ఫిల్మును తలకిందులుగా పట్టుకుంటే, "సార్, మనిషి అటు కాదు, ఇటు నిలబడ్డాడు" అని సరిచేసిన మనిషి. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేస్తే యాభై ఏడు నుంచి మొదలుపెట్టేవారు. పాస్టరుగారు గడియారం చూసుకునేవారు.

ఇక సంఘం పిక్నిక్కులో పెద్దల పరుగుపందెం. వరసగా ఎనిమిదేళ్ళు మొదటి బహుమతి. ఎనిమిది స్టీలు టిఫిను డబ్బాలు షోకేసులో వరసగా ఉండేవి. ఆయన భార్య సరళకుమారి ఇంకో ఆసుపత్రిలో సిస్టరు. డ్యూటీకి బయల్దేరుతూ ఎన్నోసార్లు అడిగింది.

"ఏమండీ, ఒక్క డబ్బా ఇవ్వండి, అన్నం పట్టుకెళ్తాను."

"అవి డబ్బాలు కావు సరళా. కప్పులు."

"కప్పుకి మూతా, క్లిప్పులూ ఎందుకో!"

వాళ్ళకొక్కతే కూతురు, అబిగెయిల్. బియస్సీ రెండో సంవత్సరం. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం హిందీలో వస్తుంది. ఆ పిల్లకి వీడియో గేముల పిచ్చి. పాలికా బజారు నుంచి టీవీకి తగిలించే గేము పెట్టె ఒకటి తెచ్చుకుంది. అందులో ఒక పొట్టి మనిషి పరిగెడుతుంటాడు, గోతులు దూకుతూ ఒక్కో కోటా దాటుతుంటాడు, గోతిలో పడితే ఒక ప్రాణం పోతుంది. మూడు ప్రాణాలు. ఆ పిల్ల తనకొక నియమం పెట్టుకుంది. కూర్చుని ఆడదు, నిలబడే ఆడుతుంది. ఒక ప్రాణం పోతే మేడమీదికెళ్ళి యాభైసార్లు తాడాట ఆడి వస్తుంది. అందుకే మనిషి వెదురుబద్దలా ఉండేది.

ఆనందబాబుగారికి ఇది నవ్వులాట. "తాడాట ఆడేదానివి తాడాటే ఆడు. మధ్యలో ఈ పెట్టెందుకు? బొటనవేళ్ళకి కండలు రావాలా?"

"డాడీ, ఏక్ బార్ ఖేల్ కే తో దేఖో," ఒక్కసారి ఆడి చూడమనేది.

"నేను ఆడినవి బంతులమ్మా. బొమ్మలు కాదు."

అక్కడితో ఆగితే బాగుండేది. తొంభై ఐదు సెప్టెంబరులో, రిటైరైన కొత్తలో, సంఘం యువజనుల కూటంలో అరగంట ప్రసంగించారు. కూర్చుని ఆడేది ఆట కాదనీ, దేవుడిచ్చిన కాళ్ళను మడిచిపెట్టుకునేవాళ్ళు లెక్క చెప్పవలసి వస్తుందనీ అన్నారు. అబిగెయిల్ మూడో వరుసలో తల వంచుకుని కూర్చుంది.

అక్టోబరు రెండు, సెలవురోజు. యువజనుల వాలీబాల్ ఆటలో ఒక ఆటగాడు తక్కువయ్యాడు. ఆనందబాబుగారు చొక్కా చేతులు మడిచి దిగారు. ఎగిరి కొట్టిన దెబ్బ కొట్టినట్టే పడింది, పాయింటు కూడా వచ్చింది, దానికి సాక్షులున్నారు. దిగడం మాత్రం పక్కవాడి బూటు మీద దిగారు. కుడి మడమ పైన ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు.

మూడో అంతస్తు ఇల్లు. మంచానికీ కిటికీకీ మధ్య ఆయన లోకం. రోజుకు నాలుగు మైళ్ళు నడిచే మనిషి పైకప్పు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకుంటూ మొదటివారం గడిపారు. రెండోవారం అబిగెయిల్ కాలేజీకి వెళ్తూ గేము పెట్టె జాయ్‌స్టిక్ మీటను ఆయన చేతిలో పెట్టింది. "టైంపాస్ డాడీ. ఎవరికీ చెప్పను. ప్రామిస్."

మొదటిరోజు పొట్టి మనిషి మొదటి గోతిలోనే పడ్డాడు. ఇరవైసార్లు పడ్డాడు. జిల్లా జట్టులో ఆడిన మనిషికి అవమానమేసింది. సాయంత్రానికి గొయ్యి దాటించారు. నవంబరు వచ్చేసరికి నాలుగో కోట దాకా వెళ్ళారు, అబిగెయిల్ ఎన్నడూ చూడని కోట అది. తన కాళ్ళు బల్లమీద చాపుకుని, ఎవరివో కాళ్ళను పరిగెత్తించడంలో ఏముందో గానీ, భోజనం పిలుపు వినిపించేది కాదు.

ఆ రోజుల్లోనే అనసూయమ్మగారు రావడం మొదలుపెట్టింది. ఆసుపత్రిలో ముప్పయ్యేళ్ళు ఆయాగా చేసి మానేసిన మనిషి, మునిర్కా ఊళ్ళో ఒక గదిలో ఒంటరిగా ఉంటుంది. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఆ మోకాళ్ళ ఎక్స్‌రే తీసింది కూడా ఆనందబాబుగారే. ప్రతి శుక్రవారం ఉపవాసముండి, యాభై నాలుగు మెట్లు ఎక్కి, ఆయన కాలు మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేది. ఒక్కో మలుపు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకునేది. ఆ ఆగడం పైకి వినిపించేది. వినిపించగానే ఆయన టీవీ ఆపి, మీటను దుప్పటి కింద దాచేవారు.

"ఎట్లా ఉంది నాయనా?"

"లాగుతోందమ్మా."

కట్టు విప్పాక, డిసెంబరు ఐదున, చివరి ఎక్స్‌రే. సరళకుమారికి డ్యూటీ, అబిగెయిల్‌కి పరీక్ష. ఆయనొక్కరే ఆటోలో వెళ్ళారు. పాత విభాగం, పాత మనుషులు. ఫిల్ము తడి ఆరకముందే చేతిలో పెట్టారు. ఆయనకు డాక్టరు అక్కర్లేదు, చూడగానే తెలిసింది: ఎముక శుభ్రంగా అతికింది. డాక్టరు కూడా అదే అన్నాడు. "కర్ర పారేయండి. నడవండి, పరిగెత్తండి."

ఇంటికొచ్చి సాయంత్రం కిటికీ వెలుగులో ఫిల్ము పైకెత్తి, కూతురికి వేలితో చూపించారు. "ఇదిగో, ఇక్కడ సన్నగా సందుంది, చూశావా? ఇంకా అతకలేదు. రెండు నెలలు కదలకూడదు."

అక్కడ సందేమీ లేదు. ముప్పై మూడేళ్ళలో ఆయన ఫిల్మును అబద్ధంగా చదవడం అదే మొదలు. ఎందుకన్నారో ఆయనకే సరిగ్గా తెలియదు. బాగయిందంటే పొద్దున్నే నడకకు లేవాలి, పాలబూత్‌కు వెళ్ళాలి, యువజనులకు కసరత్తు నేర్పాలి. ఏడో కోట మిగిలిపోతుంది. రెండు రోజుల్లో చెప్పేద్దామనుకున్నారు. ఆదివారం పాస్టరుగారు సంఘమంతటినీ లేపి నిలబెట్టి, "మన సహోదరుడి కాలు ఇంకా అతకలేదు" అని ప్రార్థన చేయించారు. ఆ తర్వాత చెప్పడానికి నోరు రాలేదు.

క్రిస్మసు పాటల ఊరేగింపుకు వెళ్ళలేదు. ఎప్పుడూ ముందు నడిచేది ఆయనే. పిల్లలు కింద వీధిలో నిలబడి, ఆయన కోసమని ఒక పాట ఎక్కువ పాడి వెళ్ళారు. ఆయన కర్ర పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి చెయ్యి ఊపారు. జనవరికి ప్యాంట్లు పట్టడం మానేశాయి. బాత్రూముకు వెళ్ళొస్తే ఆయాసం. ఒంటరిగా ఉన్నప్పుడు కర్ర లేకుండా నడిచేవారు, తలుపు చప్పుడైతే కుంటేవారు. ఒకసారి తొందరలో ఎడమకాలితో కుంటారు. అబిగెయిల్ చూసింది.

ఫిబ్రవరి రెండు, శుక్రవారం. ఏడో కోటలో చివరి గొయ్యి. పొట్టి మనిషితోపాటు తనూ ఎగరడం ఆయనకు అలవాటైపోయింది, ఆడేవాళ్ళందరికీ ఉండేదే. అబిగెయిల్ పాలకు వెళ్తూ తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. ఆనందబాబుగారు టీవీ ముందు నిలబడి, మీట రెండు చేతులా పట్టుకుని, రెండు కాళ్ళ మీదా గెంతారు. పొట్టి మనిషి దాటాడు. సంతోషంలో ఇంకోసారి గెంతారు.

గుమ్మంలో అనసూయమ్మగారు.

ఆవిడ చేతిసంచీ జారిపోయింది. "యేసయ్యా!" అంది. "లేచావా నాయనా! గెంతావా! నేను మెట్లమీద అడుగుతూనే ఉన్నాను తండ్రీ, ఈవేళన్నా చెయ్యమని, అడుగుతూనే ఉన్నాను..." మోకాళ్ళ మీద కూర్చోబోయి, కూర్చోలేక, గోడ పట్టుకుని ఏడ్చింది.

టీవీలో కోట గెలిచినందుకు సంగీతం మోగుతోంది.

"ఆదివారం సాక్ష్యం చెప్పాలి నువ్వు. నేనిప్పుడే పాస్టరుగారికి చెప్తాను," అని, వచ్చిన ఆయాసం తీరకుండానే మళ్ళీ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం సరళకుమారి డ్యూటీ నుంచి వచ్చాక ఆయన ఫిల్ము తీసి ఆమె ముందు పెట్టారు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"చూశాను. డిసెంబరు ఆరునే చూశాను. వంటింట్లో ట్యూబులైటు కింద పెట్టి."

"మరి... అడగలేదేం?"

"మీరే చెప్తారనుకున్నా. ఆ రోజునుంచి మీ కాలికి నూనె రాయడం మానేశాను. రెండు నెలలు. గమనించారా?"

ఆయన గమనించలేదు.

"ఇప్పుడేం చెయ్యమంటావు సరళా? ఆవిడ అద్భుతమనుకుంటోంది. కాదని ఎట్లా చెప్పేది? ఆవిడ తట్టుకోగలదా?"

"ఆవిడ సంగతి కాదు మీరు ఆలోచించేది." సరళకుమారి లేచి యూనిఫాం మార్చుకోవడానికి వెళ్తూ అంది. "ఆవిడ అన్నం మానేసి ఎక్కింది. మీరు దుప్పటి కింద దాచారు. ఇక మీ ఇష్టం."

ఆదివారం, సంఘం ఆరాధన జరిగే బడి హాలు నిండిపోయింది. పిక్నిక్కు పందెంలో తొమ్మిదో డబ్బా ఈయనదేనని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. అనసూయమ్మగారు ముందు కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో మూత పెట్టిన స్టీలు డబ్బా. రవ్వలడ్డూలు, సంఘమంతటికీ పంచడానికి చేసుకొచ్చింది.

ఆనందబాబుగారు లేచారు. కర్ర లేదు. "యాభై ఏడులో..." అని అలవాటుగా మొదలైంది నోరు. ఆగిపోయింది. చెప్పుకోవలసినవన్నీ ఎప్పటిలాగే వరసగా గుర్తొచ్చాయి, ఒక్కటీ పనికిరాలేదు. హాల్లో దగ్గు వినిపించింది.

"నా కాలు డిసెంబరు ఐదున బాగయింది," అన్నారు. "ఫిల్ము నేనే చూశాను. అతికింది. అతకలేదని చెప్పాను. ఇంట్లో కూర్చుని మా అమ్మాయి వీడియో గేము ఆడుకుంటున్నాను. సెప్టెంబరులో మీకు తప్పని చెప్పిన ఆ ఆటే. అనసూయమ్మగారు తొమ్మిది శుక్రవారాలు బాగైన కాలికోసం మెట్లెక్కింది. నేను కుంటింది కూడా అబద్ధమే."

వెనకాల యువజనుల్లో ఒకడు నవ్వాపుకోలేక బయటికి వెళ్ళాడు. పాస్టరుగారు గడియారం చూసుకోలేదు. ఎవరైనా తిడితే బాగుండునని ఆయనకనిపించింది.

అనసూయమ్మగారు ఆయన కాలువైపు చూసింది. "అయితే ఆ మెట్లన్నీ ఎందుకెక్కించావు నాయనా?" అంది. కోపంగా కాదు, తెలియక అడిగినట్టు. ఆవిడ డబ్బా మూత తీసి పక్కనున్న సరళకుమారికి అందించింది. "పంచమ్మా. చేసినవి పారేస్తామా."

వరసలో ఆయనకూ ఒక లడ్డూ వచ్చింది. అందరి ముందూ తినవలసి వచ్చింది. జీడిపప్పు కూడా వేసింది.

ఖాళీ డబ్బా సరళకుమారి సంచీలో ఇంటికొచ్చింది. "రేపు ఇచ్చి వస్తాను," అన్నారు ఆనందబాబుగారు. మర్నాడు ఆ సందు మొగదాకా వెళ్ళి తిరిగొచ్చారు. ఇంకోరోజు ఆవిడ గది కనిపించేదాకా వెళ్ళి, తలుపు తీసి ఉండటం చూసి వెనక్కి మళ్ళారు. డబ్బా షోకేసులో ఆ ఎనిమిదింటి పక్కన కూర్చుంది. పిక్నిక్కులో పరుగుపందేనికి పేరు పిలిస్తే, పిల్లల చెప్పులకు కాపలా ఉంటానని కూర్చుండిపోయారు.

గేము పెట్టెను అటకెక్కించబోతుంటే అబిగెయిల్ అడ్డుపడింది. "నహీ డాడీ. ఆట తప్పు కాదు. ఖేలో, పర్ మేరే రూల్ సే." ఆడొచ్చు, తన నియమం ప్రకారం ఆడాలట.

"తాడాట నా వల్ల కాదమ్మా. కింది వాటావాళ్ళు కొట్టడానికొస్తారు."

"తో కుఛ్ ఔర్ కరో."

ఆయనకు వచ్చిన వేరే కసరత్తు ఒకటే, అదీ ఇతరులు చేస్తుంటే చూసింది. ప్రాణం పోతే ఇరవై గుంజీళ్ళు. కుడిచేత్తో ఎడమ చెవి, ఎడమచేత్తో కుడి చెవి పట్టుకుని. మొదటిరోజు ఏడు దగ్గర కూలబడ్డారు. వారానికి పదికి వచ్చారు. ఇప్పుడు ఆట తక్కువ, గుంజీళ్ళు ఎక్కువ.

సాక్ష్యం తర్వాత మూడో శుక్రవారం సాయంత్రం, రెండో కోట దగ్గర ప్రాణం పోయింది. చెవులు పట్టుకుని మొదలుపెట్టారు. తొమ్మిది దగ్గర కింద మెట్లమీద చప్పుడు వినిపించింది. ఎక్కడం, ఆగడం, ఊపిరి పీల్చడం. ఆ ఆగడం ఆయనకు తెలుసు. చేతులు దింపబోయారు. దించి ఏం దాచాలో తెలియలేదు. పైగా అబిగెయిల్ అప్పటికే తలుపు తీసింది.

అనసూయమ్మగారు గుమ్మం పట్టుకుని నిలబడింది. "నా డబ్బా," అంది ఊపిరి తిరిగాక. "మా చెల్లెలికి పచ్చడి పంపాలి. మీరు తెస్తారేమోనని చూశాను."

మళ్ళీ యాభై నాలుగు మెట్లు. ఆయన తేనందుకు.

"అమ్మా, నేనే..." అన్నారు. చెవులు మాత్రం వదల్లేదు. ఆవిడ కుర్చీలో కూర్చుని, మోకాళ్ళు నిమురుకుంటూ, టీవీని చూసి, ఆయన్ని చూసింది.

"ఎన్ని తీయాలి?"

"ఇరవై."

"ఎన్నయ్యాయి?"

"పదకొండు," అన్నారు ఆనందబాబుగారు. వెంటనే ముఖం ఎర్రబడింది. "తొమ్మిదమ్మా."

"అయితే కానీ," అంది అనసూయమ్మగారు. డబ్బా కోసం చెయ్యి చాపి, పదినుంచి పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.