ఈల కారు డాక్టరమ్మ గారు

మా వీధి డాక్టరమ్మ గారు కాలం చేశారన్న సమాచారం మొన్న మంగళవారం ఉదయం పాలవాడి ద్వారా అందింది. పాలవాడు తెచ్చిన వార్తను ధ్రువీకరణ లేకుండా స్వీకరించే ఆచారం మా వీధికి లేదు. గతంలో అతడు బతికున్నవారిని ఒకరిద్దరిని చంపి ఉన్నాడు. అందుచేత ఇస్త్రీ బండి దగ్గర చిన్న సమావేశం జరిగి, నిజానిజాలు తేల్చుకురావటానికి నన్ను పంపాలని తీర్మానమైంది. పూర్ణా మార్కెట్ వెనక ఉన్న ఆవిడ డిస్పెన్సరీకి వెళ్ళేసరికి కాంపౌండరు గుమ్మంలో కూర్చుని ఖాళీ సీసాలకు లేబుళ్ళు అంటిస్తున్నాడు.

“ఎవరికయ్యా ఇవి?” అన్నాను.

“ఎవరికీ నేదు బాబూ. సేతులు ఊరుకుంతన్నాయేటి?” అన్నాడు.

దాంతో వార్త అధికారికమైంది.

ఆవిడ ప్రసవాల డాక్టరు. పాత ఊళ్ళోనూ, హార్బరు పక్క పేటల్లోనూ పుట్టినవారిలో చాలామంది ఈ లోకంలో మొట్టమొదట చూసిన మొహం ఆవిడదే. అది నవ్వు మొహం కాదు గనుక, పుట్టగానే ఏడవటానికి వారికి ఎటువంటి ఇబ్బందీ కలగలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం చర్చికి, మిగతా రోజులు మా ఇళ్ళకు వెళ్ళేవారు. ఎక్కడికి వెళ్ళినా ఆ కారులోనే.

పోర్టులో యంత్రాలు బిగించటానికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు ఆ కారును ఓడలో తెచ్చుకుని, పని అవగానే ఇక్కడే వదిలి వెళ్ళిపోయాడు. వేలం వేస్తే పాడటానికి ఎవరూ ముందుకు రాలేదు. స్టీరింగు ఎడమ వైపున ఉండటం ఒక కారణం. ఇంజను ఈల వెయ్యటం అంతకంటే పెద్ద కారణం. పరువు గల గృహస్థులెవరూ ఈల వేసే ఆస్తిని ఇంటి ముందు నిలబెట్టుకోవటానికి ఒప్పుకోలేదు. డాక్టరమ్మ గారికి అటువంటి భయాలు లేవు. పాడి తెచ్చుకున్నారు.

ఆ ఈల టర్బోది. ఇంజను వదిలే పొగతోనే తిరుగుతూ, తిరిగి ఆ ఇంజనుకే ఎక్కువ గాలిని తోసే చిన్న చక్రం అది. దాని ఇరుసును కాపాడేది పల్చని ఆయిల్ పొర ఒక్కటే. ఆ ఆయిల్ చిటికెన వేలంత కూడా లేని ఒక గొట్టంలో ఇంజను నుంచి రావాలి. ఇంజను ఆపితే ఆయిల్ అప్పుడే ఆగిపోతుంది, చక్రం మాత్రం వెంటనే ఆగదు. ఎండిన ఇరుసు మీద ఇంకా కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. బాగా వేడెక్కి ఉన్నప్పుడు అలా ఆపేస్తే, గొట్టంలో మిగిలిన ఆయిల్ మాడి బొగ్గయి దారి మూసేస్తుంది. ఈ విషయాలన్నీ నాకెలా తెలుసునంటే, ఆవిడ మా వీధిలో అందరికీ చెప్పారు. వినటానికి ఇష్టపడనివారికి రెండోసారి కూడా చెప్పారు.

“మనం ఆపేశాం గదా అని మనం అనుకుంటాం. లోపల తిరిగేదానికి ఆ సంగతి తెలియొద్దూ?” అనేవారు.

ఉదయం రోగులు రాకముందు కారు బానెట్ ఎత్తి, ఉతికిన తెల్లచీర ముక్కతో ఆ గొట్టాన్ని మొదటి నుంచి చివరిదాకా తుడిచి, ఆ గుడ్డను వెలుతుర్లో పట్టి చూసేవారు. మరక కనిపిస్తే ఆ రోజు కారు కదలదు. నల్లబడకముందే ఆయిల్ మార్పించేవారు. గొట్టం విప్పి బిగించినప్పుడల్లా రాగి వాషరు కొత్తది పడాల్సిందే. అటుపైన ఇంజను అంటుకోకుండా కొంతసేపు ఊరికే తిప్పించి, ఆయిల్ చక్రం దాకా చేరిందని నమ్మకం కుదిరాకే స్టార్టు చెయ్యనిచ్చేవారు. టర్బోకు స్టెతస్కోపు పెట్టి చూసేవారని వీధిలో ఒక వదంతి ఉంది. దాన్ని నేను ఇందుమూలంగా ఖండిస్తున్నాను. ఆవిడ చెవి పెట్టి వినేవారు. ఈల గొంతు మారితే కారును అక్కడికక్కడే ఆపెయ్యాలన్నది ఆవిడ పెట్టిన చట్టం. అది మా వీధిలో పిల్లలకు కూడా తెలుసు.

ప్రసవానికి వచ్చినప్పుడు మరో పద్ధతి ఉండేది. కారు గుమ్మం ముందు ఆగేది, ఇంజను ఆగేది కాదు. ఆవిడ సంచీ పట్టుకుని లోపలికి పోతూ పోతూ, నొప్పులు పడుతున్న మనిషి భర్తను రెక్క పట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టేవారు.

“కాళ్ళు కదపకు. మీ దేవుడెవరో ఆయన్ని మొదట్నించీ చివరిదాకా ఒకసారి నిమ్మళంగా తల్చుకో. అయ్యాక తాళం తిప్పు. తిప్పాక ఈల పూర్తిగా ఆగేదాకా దిగకు.”

గుమ్మానికి అడ్డంగా నిలబడి “ఏటయింది, ఏటయింది” అని అడిగే మగవాణ్ణి తొలగించటానికి వైద్యశాస్త్రం ఇంతకంటే మంచి మార్గం కనిపెట్టినట్టు నాకు తెలియదు. మా వీధి మగవాళ్ళలో భక్తి పెరిగిన కాలం అదే. ఏ దేవుణ్ణీ తలవనని భీష్మించిన పోర్టు కార్మికుడు ఒకాయనకు, “అయితే మీ యూనియన్ డిమాండ్లు చదువు. అవీ పొడుగ్గానే ఉంటాయి కదా,” అని ఆదేశం వెళ్ళింది. ఆయన చదివాడు. కొడుకు పుట్టాడు. డిమాండ్లు మాత్రం ఇంకా పరిశీలనలో ఉన్నాయి.

నా వంతు ఆలస్యంగా వచ్చింది. మాకు పెళ్ళయిన చాలా ఏళ్ళకు, మా బంధువర్గం ఆశ వదులుకుని సలహాలు కూడా మానేశాక, నా భార్యకు నెలలు నిండాయి. ఆమె సంగతి నివేదించటానికి నేను రోజూ డిస్పెన్సరీకి పోయేవాణ్ణి. ఆ రోజు ఉదయం నేను వెళ్ళేసరికి, ఫిషింగ్ హార్బరులో బోటు ఇంజన్లు చూసే మిస్త్రీ కారు బానెట్ దించి చేతులు తుడుచుకుంటున్నాడు.

“గొట్టం మొదట్లో తడి తగిల్నాదమ్మా. కట్టీసినాను.”

“వాషరు మార్చావా?” అన్నారు ఆవిడ, రోగి నాడి వదలకుండానే.

“వాషరు దొరకనేదు. రంగులో ముంచి వల దారం సుట్టినాను.”

“దారమా! ఏటి మిస్త్రీ, ఇది బోటనుకున్నావా?”

“బోటుకి కడితే సముద్రమే లోపలికి రానేదు. మీ ఆయిలు బయటికొచ్చీద్దేటి?”

“బయటికొస్తుందని కాదయ్యా నా భయం. పోగు తెగి లోపలికి పోతేనో?”

“పోదమ్మా. నాను ముడేస్తే మా ఆడదే ఇప్పనేదు.”

“మీ ఆవిణ్ణి తర్వాత చూస్తాను. రేపు వాషరు తెచ్చి దారం తీసెయ్. అందాకా ఈ బండి తియ్యను.”

మధ్యాహ్నం మా అత్తగారు నన్ను మళ్ళీ పరుగెత్తించారు. డాక్టరమ్మ గారు అన్నం ముందు కూర్చుని ఉన్నారు. నొప్పులు మొదలయ్యాయని చెప్పినప్పుడు రిక్షా పిలవమన్నారు. రక్తం పోతోందని చెప్పాక మాత్రం చెయ్యి కడుక్కుని, మేకుకు వేలాడుతున్న కారు తాళం తీశారు. నన్ను పక్కన ఎక్కించుకుని బయల్దేరారు.

మా గుమ్మంలో నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి లోపలికి వెళ్ళారు. నేను నా దేవుణ్ణి మొదటి నుంచి మొదలుపెట్టి, తొందరపడకుండా చివరికి వచ్చాను. తాళం మీద చెయ్యి వేశాను. అప్పుడు ఆవిడ గుమ్మంలోకి వచ్చారు.

“ఆపకు! మళ్ళీ మొదట్నించీ తల్చుకో!”

అటువంటి ఆదేశం మా వీధిలో ఎవరికీ ఎన్నడూ రాలేదు. నేను మళ్ళీ మొదలుపెట్టాను. సగంలో ఉండగా నా భార్యను దుప్పట్లో ఎత్తుకొచ్చి వెనక సీట్లో పడుకోబెట్టారు. మా అత్తగారు ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నారు. నేను పక్కకు జరిగాను. డాక్టరమ్మ గారు స్టీరింగు పట్టుకున్నారు.

పెద్దాసుపత్రి ఎత్తు ఎక్కటం మొదలుపెట్టగానే ఈల గొంతు మారింది. మొదట సన్నగా వణికింది, తర్వాత రేకును రాయికేసి గీస్తున్నట్టు అరిచింది. వెనక నీలం పొగ రోడ్డంతా కమ్మింది. ఆవిడ విన్నారు. ఆవిడ వినటం నేను చూశాను. చట్టం ప్రకారం కారు అక్కడే ఆగాలి. ఆవిడ తన వైపు అద్దం పైకెత్తుకుని, “నీ వైపుదీ ఎత్తు,” అన్నారు నాతో.

సైకిలు మీద పోతున్న ఒకడు పక్కకు తప్పుకుంటూ కేకేశాడు. “అమ్మా, బండి తగలడిపోతంది!”

“తెలుసు, తప్పుకో!” అన్నారు అద్దంలోంచే.

కారు అరుస్తూ, ఈడ్చుకుంటూ ఆ ఎత్తు ఎక్కింది. ఆసుపత్రి గేటు దాటాక లోపల ఏదో విరిగిన చప్పుడైంది. ఆ తర్వాత ఇంజను ఒకసారి దగ్గి ఆగింది.

నా భార్య బతికింది. పాప బతకలేదు.

టర్బో విప్పితే గొట్టం చివరి రంధ్రంలో రంగుతో గట్టిపడిన దారం పోగు అడ్డుపడి కనిపించింది. మిస్త్రీ మర్నాడు డిస్పెన్సరీ మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు.

“నా సెయ్యి ఇరిసీయండమ్మా,” అన్నాడు.

“విరిస్తే మళ్ళీ కట్టు కట్టాల్సింది నేనే. నాకు వేరే పని లేదేటి? లే,” అన్నారు.

ఆ చక్రం ఈ దేశంలో దొరకలేదు. కారును షెడ్డులో ఇటికల మీదికి ఎక్కించారు. ఆవిడ రిక్షాకు మారారు. కారు గురించి విచారం వెలిబుచ్చటానికి నేను వెళ్ళినప్పుడు, ఆవిడ నన్ను కూర్చోమని, తలుపు దగ్గరగా వేసి, ఇలా అన్నారు.

“నీకో మాట చెప్పాలి. నువ్వు రెండోసారి మొదలెట్టేసరికే పాప లేదు. అది తెలిసే మళ్ళీ తల్చుకోమన్నాను. చెప్పుంటే నీ చేతులు వణికేవి. బండి ఆగిపోయేది. మళ్ళీ అంటుకునేదో లేదో.”

నేను కారు గురించి తెచ్చిన విచారాన్నే వెలిబుచ్చాను.

“బండి ఊరికే పోలేదులే. లోపల ఇంకో మనిషి ఉంది కదా,” అన్నారు. తర్వాత మందుల చీటీ రాయటం మొదలుపెట్టారు. అది నా భార్యకు బలం మందు.

నేను ఆవిడకు కృతజ్ఞుణ్ణి. ఈ వాక్యాన్ని ఇంతకంటే పెద్దది చెయ్యటం ఆవిడకు నచ్చదు. అయితే రెండోసారి మొదలుపెట్టిన ఆ ప్రార్థన సగంలో ఆగిపోయింది. మిగతా సగం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. పోర్టులో టగ్గు పడవ కూసినా, ఎవరింట్లోనైనా కుక్కరు ఈల వేసినా, నేను రోడ్డు మధ్య నిలబడిపోయి అది ఆగేదాకా వింటాను. మా వీధిలో అలా నిలబడేవాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళ మొహాలు వెలుగుతాయి. అప్పట్లో కారు ఈల ఆగాక వాళ్ళకు ఇంటి లోపలి నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఈ తేడా గురించి మేము ఎన్నడూ చర్చించుకోలేదు.

సమాధి కార్యక్రమం ముగిశాక అందరూ డిస్పెన్సరీ ముందు నిలబడి ఆవిడ గురించి మంచి మాటలు చెప్పుకుంటుంటే, నా భార్య కాంపౌండరును షెడ్డు తాళం అడిగింది. పెద్దాసుపత్రికి వెళ్ళిన ఆ రోజు తర్వాత ఆమె ఏ కారూ ఎక్కలేదు. నేను వెంట వెళ్ళాను. వెనక తలుపు తెరిచి, సీటు మీద దుమ్ము కొంగుతో తుడిచి, లోపల కూర్చుంది.

“తలుపు వెయ్యండి.”

వేశాను.

“పడలేదు. ఇంకోసారి వెయ్యాలి. ఆ రోజూ అంతే, మా అమ్మ రెండుసార్లు లాగింది.”

ఆ రోజు ఆమెకు స్పృహ లేదనే మేమందరం ఇన్నాళ్ళూ అనుకున్నాం. నేను రెండోసారి గట్టిగా వేశాను. నేనూ ఎక్కాలేమోనని అవతలి తలుపు వైపు వెళ్ళబోయాను. ఆమె నా వైపు చూడలేదు. కాళ్ళు దగ్గరికి తీసుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, కిటికీ పక్కకు జరిగి కూర్చుంది. పక్కన సీటు మీద చిన్న మనిషి ఒకరు పట్టేంత చోటు మాత్రం విడిచి, దాని మీద అరచెయ్యి పెట్టుకుంది.