ఇంకోటి మాస్టారు

ఆ వీడియో గేముల స్టూడియోలోని పెద్ద ఆర్టిస్టుకి ఒకటే జబ్బు. ఏ బొమ్మ చూపించినా "ఇంకోటి చూద్దాం" అంటారు. అందుకే అందరూ ఆయన్ని ఇంకోటి మాస్టారు అంటారు, ఎదురుగా కాదు లెండి. వాళ్ళింటి హాలు గోడ మీద పద్నాలుగు రంగులు పట్టీలు పట్టీలుగా ఉన్నాయట. ఏ రంగు వెయ్యాలో నాలుగేళ్ళుగా తేలలేదు. వాళ్ళావిడ విసిగిపోయి ఆ గోడకి అడ్డంగా బీరువా జరిపించేసింది.

అలాంటి మనిషి చేతికింద పడింది మన అమ్మాయి. వీడియో గేములో రాబోయే సముద్రపు మృగం ఎలా ఉండాలో ముందుగా గీసి చూపించే కాన్సెప్ట్ ఆర్టిస్టు పని. ఉద్యోగం వచ్చిన సంబరంలో ఒప్పందం చదవకుండానే ఆరు చోట్ల సంతకాలు పెట్టేసింది. మృగం త్వరగా ఖరారైతే తనని పర్మనెంట్ చేస్తారని అనుకుంది. ఎవరూ చెప్పలేదు, తనంతట తనే అనుకుంది.

మూడో రోజుకే మొదటి బొమ్మ తెచ్చింది. మాస్టారు కళ్ళజోడు పైకి నెట్టారు.

"దీనికి వీపు దురదపెడితే?"

"రాయికేసి రుద్దుకుంటుంది సార్."

"నడిసముద్రంలో రాయెక్కడిదమ్మా? ఇంకోటి చూద్దాం."

మృగానికి చేతులు పొడుగు చేసింది. ఈ కొమ్ములతో ఎటు తిరిగి పడుకుంటుందన్నారు. కొమ్ములు తగ్గించింది. పిల్లల్ని ఎలా ముద్దుపెట్టుకుంటుందన్నారు.

"సార్, అది ఓడల్ని మింగే మృగం!"

"మింగితే మాత్రం తల్లి కాదా? ఇంకోటి."

పదకొండు వారాలు, నలభై ఆరు బొమ్మలు. అద్దంలో తన మొహం చూసుకున్నా ఇంకోటి చూద్దామా అనిపించే స్థితికొచ్చింది. ఇంటినుంచి నాన్న ఫోను.

"పర్మనెంట్ అయిందామ్మా?"

"మృగం ఒప్పుకోవాలి నాన్నా."

"మీ మాస్టారేనా?"

"కాదు నాన్నా, బొమ్మ! అయినా ఇద్దరికీ పెద్ద తేడా లేదులే."

సోమవారం మేనేజరు ఒక కవరు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. కొత్త గేము ఖాయమైందట, ఆమె పర్మనెంట్ అట.

"మృగం ఇంకా ఖరారు కాలేదు కదండీ?"

"కాలేదు కాబట్టే నువ్విక్కడున్నావు. ఒప్పందం మూడో పేజీ చదవలేదా? మృగం ఖరారైన రోజుతో నీ పని సరి. మీ మాస్టారు పైవాళ్ళ చేత తిట్లు తింటూ దాన్ని ఆపారు. కొత్త గేములోకి ఆ పిల్లని తీసుకుంటారా లేదా అని రోజూ నా ప్రాణం తీశారు."

ఆమె పరుగున వెళ్ళేసరికి మాస్టారు ఖరారు ముద్ర వేసేశారు. మొదటి బొమ్మ మీద.

"మొదటిదా! మరి వీపు దురదో?"

"దానికి దురదేమిటమ్మా, బొమ్మేగా!"

"ముందే చెప్పొచ్చుగా సార్! ఏడిపించేశారు."

"చెబితే రోజూ ఆ మూడో పేజీ చూసుకుంటూ కూర్చునేదానివి. గీసేదానివా?"

ఆమెకి ఒళ్ళు మండిపోతోంది, సంతోషమూ పట్టలేకుండా ఉంది. మిగతా నలభై అయిదు బొమ్మలూ ఆయన బల్ల మీద దభీమని పడేసి తన సీటుకొచ్చింది. సొరుగు మీద తన పేరు రాసిన చీటీ అంటించింది. కాస్త వంకరగా అంటుకుంది. మాస్టారు ఇటు చూసేలోపే గబగబా పీకి సరిగ్గా అంటించింది.