సన్నమ్మ మొగుడు ఎందుకు రాలేదు

సీమోను కోపం ఎరగనివాడు సాలూరులో లేడు. ముప్పై ఆరేళ్ళు లారీ తోలిన మనిషి. టీ చల్లగా ఇస్తే గ్లాసు అక్కడే పెట్టి లేచిపోతాడు. చర్చిలో పాస్టరుగారు ప్రసంగం సాగదీస్తే అందరూ చూస్తుండగానే గోడ గడియారం వైపు వేలు చూపిస్తాడు. ఇన్ని కోపాలున్న సీమోనుకి పదిహేడేళ్ళుగా ఆరని కోపం మాత్రం ఒక్కటే. అది విజయనగరంలో ఉండే కుసుమకుమారి టీచరు మీద. ఆవిడ లారీవాళ్ళ బతుకు మీద రెండు నవలలు రాసింది, మూడోది రాయకుండా ఊరుకుంది!

ఊరుకోవడం అంటే మామూలు ఊరుకోవడమా! రెండో నవల ఆఖరి పేజీలో సన్నమ్మ అన్నం వండి గుమ్మంలో కూర్చుని ఉంటుంది. మొగుడు లోడు బండితో ఘాట్ రోడ్డెక్కి ఏడాది దాటింది. ఆ పూట కూడా ఎవరూ రాలేదని ఒక్క ముక్క రాసేసి ఆవిడ చేతులు దులిపేసుకుంది. ఆ మనిషి ఏమయ్యాడు? వస్తాడా, రాడా? వస్తే సన్నమ్మ అన్నం పెడుతుందా, తలుపు మొహం మీద వేస్తుందా? ఇదంతా చెప్పాల్సిన బాధ్యత ఎవరిది?

"నానైతే లోడు ఘాట్ మజ్జిలో వొగ్గీసి ఎల్లిపోతానా?" అని సీమోను ఎన్నిసార్లు అరిచాడో లెక్కలేదు. అరిచినప్పుడల్లా భార్య రూబీ ఏ పనో ఉన్నట్టు పెరట్లోకి వెళ్ళిపోయేది.

ఆవిడ అలా వెళ్ళిపోవడానికి కారణం ఉంది. సీమోను తన ఇరవై తొమ్మిదో ఏట రాయపూరు లోడుకని వెళ్ళి పధ్నాలుగు నెలలు ఇంటి మొహం చూడలేదు. ఉత్తరం ముక్క లేదు, మనిషి చేత కబురు లేదు. తిరిగొచ్చిన రోజున రూబీ కంచం పెట్టింది, నీళ్ళు పెట్టింది, కూర వడ్డించింది. ఒక్క మాట అడగలేదు. ఆ రోజే కాదు, ఈ ముప్పై మూడేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. చీపురు తిరగేసి ఉంటే సీమోను బతికిపోయేవాడు. అన్నం పెట్టిన చేత్తోనే క్షమించేసిందో, మనసులో తలుపు ఆనాడే వేసేసుకుందో అతనికి తెలియదు. అడిగే దమ్ము లేదు. రోడ్డు మీద ఎవరినైనా నిలేసే మగాడు ఇంట్లో పెళ్ళాన్ని ఒక్క ప్రశ్న అడగలేకపోయాడు! సన్నమ్మ ఏం చేసిందో చదివితే తన ఇంటి సంగతి తేలిపోతుందని అతని ఆశ. మూడో పుస్తకం కావాలన్న పట్టుదల అందుకే.

మొన్న పేపర్లో చూశాడు, విజయనగరంలో కుసుమకుమారి గారికి సన్మానమని. చొక్కా వేసుకుని బయలుదేరాడు.

"నానూ వస్తాను," అంది రూబీ. "నువ్వక్కడ నోరు పారేసుకుంతావు. ఆపడానికి ఒకరుండాల."

హాలు సగం నిండింది. అధ్యక్షుడు నారాయణమూర్తి గారు మైకు పుచ్చుకుని, ఈ తల్లి కలం నుంచి జాలువారిన కవితలు ఈ జిల్లాకే అలంకారమన్నాడు. ఆవిడ జన్మలో కవిత రాయలేదు. తర్వాత లేచినాయన, సముద్రం మీదికెళ్ళే జాలర్ల కష్టాలని ఆవిడ కళ్ళకి కట్టించిందన్నాడు. ఆవిడ పుస్తకాల్లో సముద్రం అన్న మాటే లేదు! ఒకరి తర్వాత ఒకరు వచ్చి శాలువాలు కప్పారు. ఎండకి ఉడికిపోతున్న హాల్లో, డెబ్భై దాటిన మనిషి మీద నాలుగు శాలువాలు. కప్పినవాడల్లా ఆవిడ మొహం చూడడు, ఫోటో తీసేవాడి వైపు చూస్తాడు. సీమోనుకి ఒళ్ళు మండిపోయింది. రూబీ చొక్కా పట్టుకుని లాగుతున్నా లేచి నిలబడ్డాడు.

"ఏటండీ ఇది! ఆవిడ కవితలు రాయనేదు, సేపలోళ్ళ గురించి రాయనేదు. మా లారీవోళ్ళ గురించి రాసింది. ఒక్క పేజీ సదవకుండా శాలువా కప్పడానికి సిగ్గు నేదా? ఇంతమంది పెద్దలున్నారు, మూడో పుస్తకం ఏదమ్మా అని అడిగినోడు ఒక్కడున్నాడా?"

హాల్లో గగ్గోలు లేచింది. ఇద్దరు కుర్రాళ్ళు అతన్ని బయటికి నెట్టబోయారు. కుసుమకుమారి మాత్రం శాలువాలు తీసి కుర్చీ మీద పడేసింది. "ఆయన్ని వదలండి, నేను మాట్లాడాలి," అని మెల్లగా వేదిక దిగి వచ్చింది. నారాయణమూర్తి గారు సభ ముగిసిందని ప్రకటించేసి అందరినీ ఉప్మా దగ్గరికి పంపేశాడు. ముందు వరుసలో ముగ్గురే మిగిలారు.

"మూడోది మొదలుపెట్టాను బాబూ," అంది ఆవిడ. "సన్నమ్మ మొగుడు ఘాట్ దిగుతూ బ్రేకులు పోయి చనిపోయాడని నా కథ. రెండో పుస్తకంలోనే అతను బ్రేకు మీద కాలు పెట్టి ఘాట్ దిగుతాడని రాసింది అందుకే. సగం అయ్యేసరికి సాలూరు నుంచి ఒక కార్డు వచ్చింది. 'లోడు బండి ఏ గేర్లో ఎక్కుతాదో ఆ గేర్లోనే దిగుతాది. బ్రేకు తొక్కుకుంటూ ఘాట్ దిగే డ్రైవరు మాలో ఎవుడూ లేడు. తెలీకపోతే అడగాల, రాసీడమేనా?' అని."

ఆ కార్డు రాసింది సీమోనే. సాలూరు లారీ రిపేరు షెడ్లలో పని నచ్చకపోతే ఎవడూ నోరెత్తడు, ఇంకోసారి ఆ మేస్త్రి దగ్గరికి బండి పంపడు, అంతే. పని నచ్చితేనే వంకలు పెట్టి కేకలేస్తారు. కేకలు తిన్న మేస్త్రి ఆ రోజంతా మీసం మెలేసుకుని తిరుగుతాడు. ఆ అలవాటు కొద్దీ, ఆ రెండు పుస్తకాలూ ప్రాణంలా చూసుకుంటూ, ఆ కార్డు ముక్క రాసి పడేశాడు.

"అది నానే రాసినానమ్మా," అన్నాడు. వెంటనే కోపం మళ్ళీ తన్నుకొచ్చింది. "అయితే మాత్రం! అడగమన్నాను గానీ మానీమన్నానా? అడ్రసు కూడా రాసినాను కదా! ఒక్కడు కేకలేస్తే కలం కింద పెట్టీడమేటి? పంతులమ్మవి కదా, నువ్వెంతమంది పిల్లల్ని కేకలేసుంటావు? ఆలు సదువు మానీసినారా?"

కుసుమకుమారి నొచ్చుకోలేదు. "కోపం వచ్చి మానలేదు. మీరు చెప్పింది నిజం. గేరులో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, ఆ డ్రైవరుకి బ్రేకులు పోవు, అతను చనిపోడు. మీ కార్డు అతన్ని బతికించేసింది. బతికున్నవాడు ఇంటికి ఎందుకు రాడు? ఎంత ఆలోచించినా నాకు తెలియలేదు. నోటికొచ్చింది రాస్తే మళ్ళీ అబద్ధమయ్యేది. మిమ్మల్ని అడుగుదామని రెండుసార్లు కార్డు తీశాను, ధైర్యం చాల్లేదు. ఇప్పుడు అడుగుతున్నాను. మీకు తెలుసా బాబూ?"

రాయపూరులో ఎందుకు ఉండిపోయాడో సీమోను ఈ భూమ్మీద ఎవరికీ చెప్పలేదు. తెలియదని తప్పించుకుందామని రూబీ చెయ్యి పట్టుకుని లేవబోయాడు.

రూబీ లేవలేదు. చెయ్యి విడిపించుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ అంత సూటిగా అతని మొహంలోకి చూడడం అదే మొదలు.

"కూకో," అంది. "సెప్పు. ఆ టీచరమ్మ ఇవాళ అడిగింది. నాను ముప్పై మూడేళ్ళ నుంచి ఆ మాట గొంతులో ఎట్టుకుని కూకున్నాను. ఎందుకు రానేదు నువ్వు?"